పొగల అఖాతం ఒడ్డున పుట్టిన కొత్త కారు

లాస్ ఏంజెలిస్ నగరానికి ఉత్తరాన శాన్ గేబ్రియల్ పర్వతాలు గోడ కట్టినట్లు నిలిచి ఉంటాయి. వాటిలో సుమారు 5,700 అడుగుల ఎత్తు గల ఒక శిఖరం పేరు మౌంట్ విల్సన్. పైన్ చెట్ల నడుమ మెలికలు తిరిగే రోడ్డు మీదుగా అక్కడికి చేరుకున్న యాత్రికునికి తెల్లని గుమ్మటాలు కానవస్తాయి. వాటిలో పెద్దదానిలో నూరు అంగుళాల దర్పణం గల హుకర్ దూరదర్శిని ఉన్నది. ఆండ్రోమెడా నీహారిక మన పాలపుంతకు వెలుపల ఉన్న వేరొక నక్షత్ర మండలమని ఎడ్విన్ హబుల్ నిరూపించడానికి ఆధారం 1923లో ఈ దూరదర్శినితోనే లభించింది.

1904లో జార్జ్ ఎలరీ హేల్ వేధశాల కొరకు ఈ కొండను ఎంచుకోవడానికి ముఖ్య కారణం ఇక్కడి గాలి నిశ్చలత. పసిఫిక్ మహాసముద్రపు చల్లని నీరు తనను ఆనుకొని ఉన్న గాలిని చల్లబరుస్తుంది. ఆ చల్లని పొర మీద వెచ్చని, పొడి గాలి దుప్పటిలా పరచుకొంటుంది. సాధారణంగా నేల దగ్గరి వేడి గాలి పైకి లేస్తుంది; ఇక్కడ అందుకు విరుద్ధంగా కిందిది చల్లన, పైది వెచ్చన. కనుక కిందిగాలి పైకి పోలేదు. శిఖరం మీద గాలి కదలదు, నక్షత్రబింబం వణకదు.

ఖగోళ శాస్త్రజ్ఞునికి వరమైన ఈ నిశ్చలతే కింద మైదానంలో నివసించే ప్రజలకు శాపమయింది. మూడు వైపుల కొండలు, పైన వెచ్చని గాలి మూత, అడుగున ఒక మహానగరం. ఇటువంటి పాత్రలో లక్షలాది మోటారు కార్లు పొగ వదిలితే ఏమవుతుందో ఇరవయ్యవ శతాబ్దం నడుమ ఈ నగరమే ప్రపంచానికి చూపించింది. ఆ పొగకు విరుగుడు శాసన రూపంలో ముందు పుట్టింది. యంత్రం తరువాత పుట్టింది. ఈనాడు హైదరాబాదు రోడ్ల మీద తిరిగే కారు అడుగున ఉన్న ఒక లోహపు డబ్బా వంశవృక్షం కూడా ఈ లోయ వరకు సాగుతుంది.

ఆ కథను తెలియగోరే యాత్రికుడు సముద్రపు గాలి వెంట ప్రయాణం చేయడం మంచిది. మధ్యాహ్నం వేళ ఆ గాలి తీరం నుండి బయలుదేరి, నగరం మీదుగా తూర్పున ఉన్న లోయల వైపు సాగుతుంది. కథ కూడా అదే దారిన సాగింది.

పొగల అఖాతం

దక్షిణాన శాన్ పెడ్రో రేవు. నేడు అక్కడ బారులు తీరిన క్రేన్లు, కంటెయినర్ల గుట్టలు తప్ప వేరేమీ కనబడదు. 1542 అక్టోబరులో స్పెయిన్ పక్షాన ఓడల మీద వచ్చిన కబ్రిల్యో అనే నావికుడు ఈ తీరాన్ని చూచినప్పుడు, స్థానిక జాతుల వారి మంటల నుండి వెలువడిన పొగ మైదానం మీద నిలిచిపోయి ఉన్నదట. ఆ ప్రాంతానికి ఆయన 'పొగల అఖాతం' అని పేరు పెట్టాడు. మోటారు కారు పుట్టుకకు మూడు వందల ఏళ్ళకు పైగా ముందే ప్రకృతి ఇక్కడ మూత సిద్ధం చేసి ఉంచింది.

ఇరవయ్యవ శతాబ్దంలో ఆ మూత కిందికి చమురు బావులు వచ్చాయి, శుద్ధి కర్మాగారాలు వచ్చాయి, వాటి వెంట కార్లు వచ్చాయి. 1940 డిసెంబరులో నగరాన్ని పాసడేనాతో కలుపుతూ అరోయో సెకో పార్క్‌వే ప్రారంభమయింది. అడ్డదారులూ కూడళ్ళూ లేక కార్లు ఆగకుండా పరుగెత్తగల ఆ రోడ్డును చూచి నగరవాసులు గర్వించారు. ఒకనాడు ఈ ప్రాంతమంతా అల్లుకొన్న విద్యుత్ రైళ్ళు క్రమంగా తగ్గి, 1961లో చివరి ఎర్రబండి కూడా ఆగిపోయింది.

ఈలోగా, 1943 జులై 26న, నగరం నడిబొడ్డున హఠాత్తుగా దట్టమైన పొగ కమ్ముకొన్నది. ప్రజల కళ్ళు మండాయి, గొంతులు గరగరలాడాయి. యుద్ధకాలం కావడంతో జపాను విషవాయువు ప్రయోగించిందేమోనని కొందరు భయపడ్డారు. ఆలిసో వీధిలో కృత్రిమ రబ్బరు కొరకు బ్యూటాడైన్ తయారు చేసే కర్మాగారం మీద నింద పడింది. దానిని తాత్కాలికంగా మూసివేశారు. పొగ మాత్రం పోలేదు.

1947లో కౌంటీ ప్రభుత్వం వాయు కాలుష్య నియంత్రణకు ప్రత్యేక సంస్థను స్థాపించింది. శుద్ధి కర్మాగారాల మీద, పోతపోసే కొలుముల మీద ఆంక్షలు వచ్చాయి. ఇళ్ళ పెరళ్ళలో చెత్త కాల్చే కుంపట్లను 1957లో నిషేధించారు. ఇంత చేసినా వేసవి వచ్చేసరికి కొండలు కనుమరుగయ్యేవి. పాలకూర ఆకులు వెండిరంగు మచ్చలతో పాడయ్యేవి. కార్ల టైర్లు ఇతర నగరాలలో కంటె త్వరగా పగుళ్ళు బారేవి.

అనాసపండు శాస్త్రజ్ఞుడు

పార్క్‌వే వెంట పాసడేనా చేరితే కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఆవరణ వస్తుంది. హాలెండులో పుట్టి 1937లో ఇక్కడికి వచ్చిన ఆరీ హాగెన్-స్మిట్ ఈ సంస్థలో రసాయన శాస్త్రజ్ఞుడు. అనాసపండు పరిమళం ఏ ఏ పదార్థాల వలన కలుగుతుందో విడమరచడం ఆయన పరిశోధన. పండు నుండి వెలువడే ఆవిరిని అతిశీతల నాళికలలో పట్టి, గడ్డ కట్టించి పరీక్షించేవాడు.

అదే పద్ధతిని కిటికీ వెలుపలి గాలి మీద ప్రయోగించమని ఆయనను కోరారు. నాళికలో గోధుమ రంగు ద్రవం మిగిలింది. ఆ ద్రవం ఎట్లా పుట్టిందో తెలుసుకొనడానికి మరికొన్ని ప్రయోగాలు అవసరమయ్యాయి. పెట్రోలు ఆవిరిని, ఇంజనుల మంటలో పుట్టే నైట్రోజన్ ఆక్సైడులను కలిపి సూర్యకాంతిలో ఉంచితే అచ్చంగా నగరపు స్మాగ్ తయారయింది. అందులోని ముఖ్యమైన విషం ఓజోన్. వంచి కట్టిన రబ్బరు ముక్క ఎన్ని నిమిషాలలో పగులుతుందో చూచి గాలిలో ఓజోన్ ఎంత ఉన్నదో అంచనా వేసేవాడు. టైర్ల పగుళ్ళ రహస్యం కూడా అదే.

1950ల ఆరంభంలో ప్రకటితమైన ఈ ఫలితాల సారాంశం ఒక్కటే. విషం ఏ ఒక్క కర్మాగారపు గొట్టం నుండో రావడం లేదు. ప్రతి ఇంటి ముంగిట నిలిచిన కారు పొగకు నగరం గర్వించే ఎండ తోడై ఆ విషం ఆకాశంలోనే తయారవుతున్నది. తిలాపాపం తలా పిడికెడు అన్న సామెతకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. చమురు పరిశ్రమ ధనసహాయం పొందిన పరిశోధకులు ఈ వాదాన్ని ప్రశ్నించగా, హాగెన్-స్మిట్ పండ్ల పరిమళాన్ని పక్కన పెట్టి తన శక్తినంతా స్మాగ్ మీదికి మళ్ళించాడు.

అసాధ్యం సాధ్యమైన వేసవి

1953లో కౌంటీ పాలకవర్గ సభ్యుడు కెన్నెత్ హాన్ కార్ల కంపెనీలతో ఉత్తర ప్రత్యుత్తరాలు ప్రారంభించాడు. ఇంజను ఆవిరులు గాలిలో త్వరగా చెదరిపోతాయి గనుక వాటి వలన కాలుష్య సమస్య లేదని ఫోర్డు కంపెనీ నుండి ఆయనకు సమాధానం వచ్చింది. మూత లేని డెట్రాయిట్ నగరంలో కూర్చున్న వారికి అది నిజంగానే తోచి ఉండవచ్చు. శాన్ గేబ్రియల్ కొండల కింద అది నిజం కాదు.

1960లో రాష్ట్రం మోటారు వాహన కాలుష్య నియంత్రణ బోర్డును నెలకొల్పింది. మొదటి మెట్టు చిన్నది. ఇంజను అడుగు భాగం నుండి కారిపోయే ఆవిరులను తిరిగి ఇంజనులోకే పంపే ఒక కవాటాన్ని 1963 నమూనా కార్లకు తప్పనిసరి చేశారు. రెండవ మెట్టు పొగ గొట్టం. అక్కడ చిక్కు వచ్చింది. 1967 నమూనాకు ముందు తమ వల్ల కాదని కంపెనీలు చెప్పాయి.

అయితే రాష్ట్ర శాసనంలో ఒక చమత్కారం ఉన్నది. పొగను శుద్ధి చేసే పరికరాలు రెండు బోర్డు పరీక్షలో నెగ్గితే చాలు, ఆ తరువాత రాష్ట్రంలో అమ్మే కొత్త కార్లన్నిటికీ అటువంటిది ఉండి తీరాలి. ఆ పరికరాన్ని ఎవరు తయారు చేశారన్నది ప్రశ్న కాదు. 1964 వేసవిలో బయటి తయారీదారులు చేసిన నాలుగు పరికరాలకు బోర్డు ఆమోదముద్ర వేసింది. ఇక తమ కార్లకు పరాయివారి పరికరాలు తగిలించుకొనవలసి వస్తుందని గ్రహించిన పెద్ద కంపెనీలు, 1966 నమూనాకే సొంత ఏర్పాటు సిద్ధం చేయగలమని కొద్ది వారాలలో ప్రకటించాయి. ఆ వేసవిలో భౌతిక శాస్త్ర నియమాలేవీ మారలేదు. మారినది తప్పించుకొనే దారి ఒక్కటే.

పరికరాల అభివృద్ధిని ఆలస్యం చేయడానికి కంపెనీలు తమలో తాము కూడబలుక్కొన్నాయని ఆరోపిస్తూ 1969లో అమెరికా న్యాయశాఖ దావా వేసింది. విచారణ జరుగకుండానే, అటువంటి ఒప్పందాలు చేసుకొనరాదన్న షరతు మీద అది రాజీతో ముగిసింది.

కారు అడుగున తేనెపట్టు

1967లో గవర్నరు రోనాల్డ్ రీగన్ సంతకంతో కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఏర్పడింది. దానికి తొలి అధ్యక్షుడు అనాసపండు శాస్త్రజ్ఞుడు హాగెన్-స్మిట్. అదే సంవత్సరం కేంద్ర చట్టం కాలిఫోర్నియాకు ఒక ప్రత్యేక అవకాశం ఇచ్చింది. వాషింగ్టన్ అనుమతితో ఈ రాష్ట్రం దేశమంతటికంటె కఠినమైన ప్రమాణాలు విధించుకొనవచ్చు.

1970 డిసెంబరు 31న అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన క్లీన్ ఎయిర్ చట్టం మరొక అడుగు ముందుకు వేసింది. హైడ్రోకార్బనులను, కార్బన్ మోనాక్సైడును 1975 నాటికి 90 శాతం తగ్గించాలన్నది. ఆ పని చేయగల కారు ఆనాడు బజారులో ఒక్కటీ లేదు. లేని యంత్రానికి శాసనం తేదీ నిర్ణయించింది.

యంత్రపు ఊహ మాత్రం పాతదే. ఫ్రాన్సులో పుట్టిన ఇంజనీరు యూజీన్ హూద్రీ 1950లలోనే కెటాలిటిక్ కన్వర్టరుకు పేటెంట్లు పొందాడు. తేనెపట్టు వంటి సన్నని రంధ్రాలు గల పింగాణీ దిమ్మకు ప్లాటినం, పల్లాడియం లోహాల పూత పూస్తారు. వేడి పొగ ఆ రంధ్రాల గుండా సాగేటప్పుడు విషవాయువులు లోహపు తాకిడితో నీటి ఆవిరిగా, బొగ్గుపులుసు వాయువుగా మారతాయి. లోహం తాను ఖర్చు కాదు. అయితే నాటి పెట్రోలులో ఇంజను కొట్టుకొనకుండా కలిపే సీసం ఆ పూత మీద పేరుకొని దానిని చంపేసేది. అందువలన హూద్రీ ఆలోచన కాగితాల మీద నిలిచిపోయింది.

కంపెనీల మొర విని 1973లో కేంద్రం గడువును ఒక సంవత్సరం పొడిగించింది. కాని మధ్యకాలానికి కూడా ప్రమాణాలు విధించి, కాలిఫోర్నియాకు మరింత కఠినమైనవి నిర్ణయించింది. 1975 నమూనా కార్లు కన్వర్టర్లతో బజారులోకి వచ్చాయి. వాటి కొరకు సీసం లేని పెట్రోలు వచ్చింది. పాత పెట్రోలు పొరపాటున పోయకుండా ఆ కార్ల ట్యాంకు మూతిని చిన్నది చేశారు. పొగ కొరకు చేసిన శాసనం మరొక మేలు కూడా చేసింది. 1976–80 సంవత్సరాల మధ్య అమెరికన్ల రక్తంలో సీసం సగటున మూడవ వంతుకు పైగా తగ్గింది.

శాసనం ఫలితాన్ని నిర్ణయించింది గాని పద్ధతిని నిర్ణయించలేదు. అందువలన జపానుకు చెందిన హోండా కంపెనీ కన్వర్టరు లేకుండానే, ఇంజనులోని మంటను రెండు దశలలో రగిలించే పద్ధతితో ఆ ప్రమాణాన్ని అందుకొన్నది. స్వీడన్ దేశపు వోల్వో, 1977 నమూనా కార్లలో, పొగలోని ప్రాణవాయువును క్షణక్షణం కొలిచి ఇంధనాన్ని సరిచేసే సెన్సారును అమర్చి మొదట కాలిఫోర్నియాలోనే అమ్మింది. నైట్రోజన్ ఆక్సైడులను కూడా కలిపి మూడు విషాలనూ ఒకేసారి అణచే కన్వర్టరు ఆ సెన్సారు వలననే సాధ్యమయింది. నేటి పెట్రోలు కార్లన్నిటికీ అదే ఆధారం.

నిలబడి పరుగెత్తే కార్లు

గాలి వెంట ఇంకా తూర్పుకు సాగితే రివర్‌సైడ్ వస్తుంది. 1870లలో నాటిన నావెల్ నారింజ తల్లిచెట్టు ఈ ఊరిలో నేటికీ ఉన్నది. తీరప్రాంతం వదిలిన పొగ ఎండలో పండి ఓజోనుగా మారే సరికి చేరేది ఈ ఊళ్ళకే. బోర్డు తన పరీక్షాశాలను 2021లో ఇక్కడికే తరలించడం సముచితంగా ఉన్నది.

అటువంటి పరీక్షాశాలలో కారు ఇనుప రోలర్ల మీద నిలబడి, కదలకుండానే మైళ్ళకొద్దీ పరుగెత్తుతుంది. దాని పొగను సంచులలో పట్టి కొలుస్తారు. శాసనానికి పదును ఇచ్చేది ఈ కొలతే. అది లేని చోట మోసం జరుగుతుందని 2015లో తేలింది. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్లను కాలిఫోర్నియా రోడ్ల మీద నడిపి చూడగా, రోలర్ల మీద పవిత్రంగా ఉన్న కారు రోడ్డు మీద అంతకంటె ఎన్నో రెట్లు నైట్రోజన్ ఆక్సైడులు వదిలింది. ఎల్ మోంటేలో హాగెన్-స్మిట్ పేరిట ఉన్న పరీక్షాశాలలో బోర్డు ఇంజనీర్లు పట్టువిడువక ప్రశ్నించారు. పరీక్ష జరుగుతున్నదని పసిగట్టి పొగను తగ్గించే రహస్య ఏర్పాటు కారులో ఉన్నదని చివరకు కంపెనీ అంగీకరించింది. ప్రపంచమంతటా సుమారు 1 కోటి 10 లక్షల కార్లలో ఆ ఏర్పాటు ఉన్నది.

వెనుకడుగు వేసినప్పుడు

శాసనం గట్టిగా నిలబడినప్పుడు ఏమి జరుగుతుందో 1975 చూపింది. సడలినప్పుడు ఏమి జరుగుతుందో బర్బాంక్ పట్టణం చూచింది. 1990లో బోర్డు, పెద్ద కంపెనీలు అమ్మే కార్లలో 1998 నాటికి 2 శాతం, 2003 నాటికి 10 శాతం అసలు పొగే లేనివి కావాలన్నది. జనరల్ మోటార్స్ 1996లో ఇ.వి.1 అనే విద్యుత్ కారును అద్దె పద్ధతిన ఇచ్చింది. 1,117 కార్లు తయారయ్యాయి. నడిపినవారు ముచ్చటపడ్డారు. కాని నాటి బ్యాటరీలు బరువైనవి, దూరం పోలేనివి. 1996లో బోర్డు తొలి గడువులను ఎత్తివేసింది. తరువాత మరికొన్ని సడలింపులు వచ్చాయి. కంపెనీ ఆ కార్లను వెనక్కు తీసుకొని, చాలా వాటిని నుగ్గు చేయించింది. 2005లో బర్బాంక్‌లో మిగిలిన కొన్ని కార్ల కొరకు అభిమానులు ఆవరణ ముందు రాత్రింబవళ్ళు కాపలా కాచినా ఫలితం లేకపోయింది.

అయినా ఆ నియమం మొత్తంగా చావలేదు. పొగలేని కార్లు అమ్మలేని కంపెనీ, అమ్మగలిగిన కంపెనీ నుండి క్రెడిట్లు కొనుక్కొనే ఏర్పాటు మిగిలింది. 2003లో స్థాపితమైన టెస్లాకు కష్టకాలంలో ఆ క్రెడిట్ల సొమ్ము గొప్ప అండ అయింది. 2035 నాటికి కొత్తగా అమ్మే కార్లన్నీ పొగలేనివే కావాలని బోర్డు 2022లో నిర్ణయించింది. 2025 జూన్‌లో అమెరికా కాంగ్రెసు తీర్మానం మీద అధ్యక్షుడు సంతకం చేసి దానికి కేంద్రం ఇచ్చిన అనుమతిని రద్దు చేశాడు. కాలిఫోర్నియా అదే రోజు కోర్టును ఆశ్రయించింది.

ఈ తగవులో పణంగా ఉన్నది ఏమిటో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారి సుదీర్ఘ అధ్యయనం చెబుతుంది. వారు ఈ ప్రాంతపు పిల్లల ఊపిరితిత్తుల ఎదుగుదలను ఏళ్ళ తరబడి కొలిచారు. 1994–98 మధ్య ఎదిగిన పిల్లలలో, పదిహేనేళ్ళ వయసు నాటికి ఊపిరి శక్తి లోపించినవారు నూటికి దాదాపు 8 మంది. 2007–11 మధ్య ఎదిగిన వారిలో ఆ సంఖ్య 4 కంటె తక్కువకు దిగింది. ఈ మధ్యకాలంలో పిల్లలు మారలేదు, కొండలు మారలేదు. వారు పీల్చిన గాలి మారింది.

పని పూర్తి కాలేదన్నది కూడా నిజమే. రేవు నుండి రివర్‌సైడ్ గోదాముల వరకు డీజిల్ లారీలు రాత్రింబవళ్ళు నడుస్తాయి. ఓజోన్ విషయంలో ఈ లోయ నేటికీ అమెరికాలోని అధమ ప్రాంతాలలో ఒకటి. రెండేళ్ళకొకసారి తప్పనిసరి అయిన పొగ పరీక్షలో తప్పిన పాత కారును బాగు చేయించడం పేదవానికి భారమే. శాసనపు ఖర్చు అందరి మీద సమానంగా పడదు.

లోయ దాటి వచ్చిన పాఠం

భారతదేశంలో కూడా యంత్రానికి ముందు తేదీయే వచ్చింది. 1995 ఏప్రిల్‌లో ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాలలో కొత్త కార్లకు కెటాలిటిక్ కన్వర్టరును తప్పనిసరి చేసి, సీసం లేని పెట్రోలును అమ్మకానికి పెట్టారు. 2000 నాటికి సీసం కలిపిన పెట్రోలు దేశమంతటా పోయింది. 2005లో భారత్ స్టేజి-3 ప్రమాణాలు ముందుగా అమలైన పదకొండు నగరాలలో హైదరాబాదు ఒకటి. 2016లో ప్రభుత్వం నాలుగవ మెట్టు నుండి అయిదవ దానిని దాటవేసి నేరుగా ఆరవ మెట్టుకు పోవాలని నిర్ణయించినప్పుడు, వ్యవధి చాలదన్న మాట ఇక్కడ కూడా వినవచ్చింది. 2020 ఏప్రిల్ 1న ఆ తేదీ వచ్చింది, కార్లూ వచ్చాయి.

వానవెలిసిన శీతాకాలపు ఉదయాన మౌంట్ విల్సన్ మీద నిలిచిన యాత్రికునికి కింద పాసడేనా వీధులు, దూరాన నగరపు ఎత్తయిన మేడలు, వాటికి ఆవల సముద్రం, సముద్రంలో నీలిమచ్చ వంటి కేటలీనా దీవి స్పష్టంగా కనిపిస్తాయి. మధ్యాహ్నానికి తీరం నుండి గాలి బయలుదేరుతుంది. వేసవి అయితే తూర్పు దిక్కున ఒక లేత గోధుమరంగు చార నేటికీ అలముకొంటుంది. కబ్రిల్యో చూచిన మూత అక్కడే ఉన్నది. దానిని తీయడం మానవుని చేతిలో లేదు. దాని కింద ఏమి రగిలించాలో నిర్ణయించుకొనడం మాత్రం ఉన్నది.